శంషాబాద్‌లో మంచు కరుగు కాలం

1947 జనవరిలో ఒక సోమవారం పొద్దున్నే శంషాబాద్ నాకా దగ్గర, బండ్లను ఆపి చూసే గొలుసు ముందు, డప్పు మోగింది. డప్పు వెనకాలే ఒక మోటారు కారు వచ్చి ఆగింది. కారులోంచి ముందు మోకాళ్ల కిందికి వేలాడే ఉన్ని ఓవర్‌కోటు, ఆ తర్వాత అందులో ఉన్న రాయ్ బన్సీధర్ సాహెబ్ దిగారు. ఆయన సడక్ హిఫాజత్ మహకమాకు నాజిం, అంటే రోడ్లను కాపాడే శాఖకు పెద్ద. ఆ శాఖ పుట్టి నెల రోజులైంది. అంతకుముందు రోడ్లను ఎవరు కాపాడేవారో తెలియదు గానీ, రోడ్లయితే ఉండేవి.

నాజిం సాహెబ్ కెనడా దేశంలో ఆరు నెలలుండి రోడ్ల సంగతి చదువుకుని వచ్చారు. చదివింది మరిచిపోకముందే జనానికి పంచాలన్న తపనతో ఊరూరూ తిరుగుతున్నారు. ఆయన గుమాస్తా అయిన పేష్కారు కాగితం విప్పి చదివాడు.

"మంచు కరిగే కాలంలో రోడ్డు కింద నీరు చేరి, నేల మెత్తబడి, బరువు బండ్ల వల్ల రోడ్డు నాశనమగును. కావున నేటి నుండి బెంగుళూరు సడక్ మీద పోవు లారీలు, బండ్లు తమ మామూలు లోడులో సగమే వేయవలెను!"

డప్పు కొట్టేవాడు 'మంచు' అన్న చోట ఆగి పేష్కారు వంక చూశాడు. పేష్కారు నాజిం వంక చూశాడు. నాజిం ఆకాశం వంక చూశారు. ఆకాశం నీలంగా, ఎవరి లెక్కా లేనట్టుగా ఉంది.

నాకా గొలుసు దగ్గర ప్రేమదాసు లారీ ఆగి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి. యుద్ధంలో పటాలం లారీలు నడిపి, తిరిగొచ్చాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న ఒక పాత లారీని కొనుక్కుని, శంషాబాద్ తోటల కూరగాయలు రోజూ పట్నం మండీకి చేరవేస్తున్నాడు. ఆ పూట లారీలో నలభై గంపలున్నాయి. గంపల మీద లచ్చమ్మ కూర్చుని ఉంది. వంకాయ, చిక్కుడు, టమాట అన్నీ ఆమె కౌలు తోటవే. బండలు కొట్టే చోట మొగుడి కాలు విరిగిన నాటి నుంచి ఆ ఇంటిని నడిపిస్తున్నది ఆ తోటే.

"మంచంటే పొద్దుగాల పడేదేనా సాబ్?" లచ్చమ్మ పైనుంచే అడిగింది. "గది ఎండ రాంగనే పోతది గద."

"అది కాదమ్మా. అది తడి. నేను చెప్పేది గడ్డ. తెల్లగా, మోకాలి లోతు ఉంటుంది."

ప్రేమదాసు నవ్వాడు. ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు.

"ఎవరది నవ్వింది?"

"నవ్వలే సాబ్. మంచు యాదికొచ్చింది."

"నువ్వు మంచు చూశావా? కళ్లారా?"

"చూసిన సాబ్. ఇటలీల రెండు చలికాలాలు. గుట్టల మీద లారీ నడిపిన."

నాజిం సాహెబ్ రెండడుగులు ముందుకు వేసి ప్రేమదాసు రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లు చెమర్చాయి. శాఖ మొత్తంలో మంచు చూసింది ఆయనొక్కరే. అది కూడా రైలు కిటికీలోంచి.

"కరిగినప్పుడు రోడ్డు ఏమైందో వీళ్లకు చెప్పు!"

ప్రేమదాసు ఉన్నమాటే చెప్పాడు. "గా దేశంల ఈ రూలు బంగారమసొంటిది సాబ్. పైన మంచు కరుగుతది, కింద నేల ఇంక గడ్డనే ఉంటది. నీళ్లు ఇంకేతందుకు జాగ ఉండది. రోడ్డు అంబలి లెక్కయితది. మా లారీలు ఇరుసుల దాంక కూరుకపోయినయి. కని ఈడ..."

"విన్నారా! స్వయంగా చూసినవాడు చెప్తున్నాడు!" అని నాజిం చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక పేష్కారు కొట్టాడు. పేష్కారు కొట్టాక నాకా జవాను కుర్మయ్య కొట్టాడు. 'కని ఈడ' తర్వాతి మాట ప్రేమదాసు నోట్లోనే ఉండిపోయింది.

అక్కడికక్కడే అతన్ని 'సర్కారీ మంచు గవా'గా నియమించారు. అంటే మంచుకు సర్కారు తరఫు సాక్షి. చొక్కాకు ఒక ఇత్తడి బిళ్ల కూడా తగిలించారు. మంచు సంగతిలో ఇక అతని మాటే రుజువు. అతని మాట లేనిదే ఏ రుజువూ చెల్లదు. ఆ గౌరవం అందుకున్న వెంటనే అతని లారీలోంచి ఇరవై గంపలు దింపేశారు.

*

కుర్మయ్య చెడ్డవాడు కాదు. పైవాళ్లు ఏం చెప్తే అది పొల్లుపోకుండా చేసేవాడు, అంతే. రోజూ పొద్దున గొలుసు అడ్డం పెట్టి, గంపలను వేలితో తాకుతూ లెక్కపెట్టేవాడు. ఇరవై కాగానే చెయ్యెత్తేవాడు.

"కుర్మన్నా, జర సూడే. ఏడున్నది మంచు?" లచ్చమ్మ అడిగేది.

"నాకేమెర్క అక్కా. కరిగిపోయిందేమో."

"కరిగిపోతే ఇగ రూలెందుకు?"

"కరిగితేనే రూలు."

పెట్రోలుకు అప్పటికి ఇంకా రేషనే. ఇచ్చే కూపన్లు రోజుకు ఒక్క ట్రిప్పుకే సరిపోతాయి. కాబట్టి మిగిలిన ఇరవై గంపలు నాకా పక్కనే ఉండిపోయేవి. మొదటి వారం లచ్చమ్మ వాటిని దారిన పోయేవాళ్లకు అమ్మజూసింది. దారిన పోయేవాళ్లంతా అవే తోటలవాళ్లు. రెండో వారం ఊరికే పంచింది. మూడో వారం బర్లకు వేసింది. నాలుగో వారానికి శంషాబాద్ బర్లు టమాటలు వాసన చూసి తల తిప్పుకోవడం నేర్చాయి.

బండ్లకూ రూలు తప్పలేదు. సాతంరాయి నుంచి ఒక పెళ్లిబండి వచ్చింది. బండి మామూలు లోడు పెళ్లికూతురు, పెళ్లికొడుకు. అందులో సగమెంతో కుర్మయ్య చాలాసేపు ఆలోచించి, పెళ్లికొడుకును దింపాడు. ఆయన బాసికం కట్టుకుని ఊళ్లోకి నడిచాడు. రోడ్డుకు ఏమీ కాలేదు. పథకం విజయవంతమైందని నాజిం సాహెబ్ పైకి రాశారు.

"శివరాత్రి దాటితే ఎండలకు తోట ఎండుతది దాసన్నా," అంది లచ్చమ్మ ఒకరోజు. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం ఆ రోజు లేదు. "ఉన్న కాపంత ఈ నెల రోజుల్దే. సగం బర్ల పాలయితే కౌలేమిచ్చేది, ఇంట్లేమొండేది? నువ్వు గవావి గద. ఒక్క మాట చెప్పరాదు."

ప్రేమదాసుకు చొక్కా మీది బిళ్ల బరువుగా తోచింది. మర్నాడే ఇద్దరూ పట్నంలో నాజిం కచేరీకి పోయారు.

నాజిం సాహెబ్ వాళ్లను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. గోడ మీద కెనడా పటం ఉంది. హైదరాబాద్ పటం దాని వెనక ఉందని పేష్కారు చెప్పాడు.

"సాబ్, మంచు పడితెనే కరుగుతది," అన్నాడు ప్రేమదాసు. "ఈడ పడలే. పడంది కరగదు. కరగనప్పుడు రూలు..."

"నువ్వు చదువుకోలేదు గానీ తెలివైనవాడివి," అని మెచ్చుకున్నారు నాజిం. "ఇప్పుడు చూడు. చలి దేశాల్లో చలికాలం నడుమ రోడ్డు గడ్డ కట్టి రాయిలా అవుతుంది. అప్పుడు పూర్తి లోడే కాదు, పైన ఇంకో పావు వంతు కూడా పోనిస్తారు. మన హుకుంలో కూడా ఉంది. ఏడో కలం. రోడ్డు గడ్డ కట్టినట్టు రుజువైతే ఒకటింబావు లోడు. గడ్డ కట్టనంత కాలం సగం."

"మా రోడ్డు ఎన్నడు గడ్డ కట్టది గద సాబ్?"

"గడ్డ కట్టని రోడ్డంటే ఏమిటి? కరిగి ఉన్న రోడ్డే కదా! అందుకే మీ రోడ్డు మీద నాకంత జాలి. కెనడాలో రోడ్డుకు రెండు నెలలే కష్టం. మీ దగ్గర పన్నెండు నెలలూ కష్టమే."

లచ్చమ్మ లేచి నిలబడింది. "ఇగ పోదాం పా అన్నా. ఈ సారుకు మన మీద మస్తు జాలున్నది."

అయినా నాజిం సాహెబ్ వాళ్ల మొర వినకుండా పోలేదు. రోడ్డు ఎంత చల్లగా ఉందో రోజూ కొలవమని నాకాకు ఒక థర్మామీటర్ పంపారు. శాఖ గోదాములో ఉన్నది జ్వరం చూసే థర్మామీటర్ ఒక్కటే. కుర్మయ్య దాన్ని రోజూ పొద్దున కంకర సందులో పెట్టి, పావుగంట పక్కనే గొంతుక్కూర్చుని, కాగితం మీద రాయించేవాడు: 'ఇవాళ రోడ్డుకు జ్వరం లేదు.' తొమ్మిదో రోజు అది ఒక ఎడ్లబండి కింద పడి పగిలింది. ఆ బండి సగం లోడుతోనే ఉందని విచారణలో తేలింది.

*

ఫిబ్రవరి రెండో వారంలో కచేరీ నుంచి ప్రేమదాసుకు కబురొచ్చింది. నాజిం సాహెబ్ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"ఎల్లుండి వజీర్ సాహెబ్ మన పని చూడటానికి వస్తున్నారు. శంషాబాద్‌లో ఆయనకు మంచు చూపించాలి."

"ఏడికెళ్లి తెద్దాం సాబ్?"

"పట్నంలో ఐసు ఫ్యాక్టరీ ఉంది కదా."

"ఎంత తేవాలె?"

నాజిం సాహెబ్ కిటికీలోంచి దూరంగా చూస్తూ, "ఒక ఫర్లాంగు," అన్నారు.

ప్రేమదాసుకు ఏడో కలం గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే తోటకు పోయి లచ్చమ్మతో, "ఎల్లుండి నలభై కాదక్కా, యాభై గంపలు తెంపియ్యి. నాకా కాడ పెట్టుకోని కూసో. ఎందుకని అడగకు," అని చెప్పాడు.

"బర్లు గూడ తింటలేవు దాసన్నా."

"బర్లకు కాదు."

వజీరు వచ్చే రోజు తెల్లవారగానే ఐసు ఫ్యాక్టరీలో లారీకి దిమ్మెలు ఎక్కించారు. దారిలో సగం కరుగుతుంది కాబట్టి రెట్టింపు వేయమన్నారు నాజిం. పొట్టు కప్పి, గోనెలు కప్పి, తాళ్లు బిగించారు. లారీ వెనక భాగం రోడ్డును ముద్దు పెట్టుకునేంత కిందికి దిగింది. ప్రేమదాసు పక్కన నాజిం సాహెబ్ స్వయంగా కూర్చున్నారు. సాతంరాయి దగ్గర కాలువ దాటించే మోరీ మీదికి రాగానే కింద ఏదో ఫెళ్లుమంది. దిగి చూస్తే మోరీ బండ రెండు ముక్కలైంది. ఎన్నో ఏళ్లుగా లారీలనూ బండ్లనూ మోసిన బండ అది.

"చూశావా?" అన్నారు నాజిం బాధగా. "మంచు ఇంకా దిగనే లేదు, అప్పుడే రోడ్డు పాడవడం మొదలైంది."

నాకా దగ్గర కుర్మయ్య గొలుసు అడ్డం పెట్టాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత చేతులు జోడించాడు.

"సాబ్, గుస్సా కావద్దు. లోడు ఎక్కువున్నది. సగం దింపాలె."

"ఇది లోడు కాదు కుర్మయ్యా," అన్నారు నాజిం. "ఇది వాతావరణం."

కుర్మయ్య అర్థమైనట్టు తల ఊపి గొలుసు తీశాడు.

వజీర్ సాహెబ్ పది గంటలకు వచ్చారు. అప్పటికి ఇరవై మంది సమ్మెటలతో దిమ్మెలను పగలగొట్టి రోడ్డంతా పరిచారు. ఫర్లాంగు కాలేదు గానీ, నాకా దగ్గర నూరు గజాల మేర రోడ్డు తెల్లగా మెరిసింది. ఊరు ఊరంతా వచ్చింది. ముసలివాళ్లు ముక్కలు ఏరి నోట్లో వేసుకుని పళ్లు జివ్వుమంటే ఉలిక్కిపడ్డారు. వజీరు గారు బూటు కొనతో మంచును మెల్లగా తట్టి చూశారు. పడిపోకుండా ఎవరో ఆయన్ను పట్టుకున్నారు.

"అద్భుతం! ఇది రోజూ ఉంటుందా?"

"రోడ్డు పరిస్థితికి మా దగ్గర సర్కారీ గవా ఉన్నాడు హుజూర్," అని నాజిం ప్రేమదాసును ముందుకు తోశారు. "ఇటలీలో చూసినవాడు."

ప్రేమదాసు చిన్నప్పుడు మిషన్ బడిలో చదివినవాడు. అబద్ధం ఆడటం చేతకాదు. అందుకే అబద్ధం కాని ఒక మాటను రెండు రోజులుగా కూడబలుక్కుంటూ ఉన్నాడు.

"ఈడ రోడ్డు మీదున్నది గడ్డనే హుజూర్," అన్నాడు. "కాళ్ల కిందనే ఉన్నది, మీరే చూస్తున్నరు. గడ్డ కట్టిన రోడ్డు మీద ఒకటింబావు లోడు పోవచ్చని నాజిం సాబ్ రాసిన ఏడో కలం. లారీ తయారున్నది, గంపలు తయారున్నయి. సెలవిస్తే రోడ్డు ఎంత గట్టిగుందో మీ ముంగటనే చూపెడ్త."

నాజిం సాహెబ్ నోరు తెరిచారు. కానీ ఏడో కలం ఆయన రాసిందే. వజీరు గారు అప్పటికే చెయ్యి ఊపారు. పేష్కారు హుకుం రాశాడు: 'రోడ్డు గడ్డ కట్టినట్టు రుజువైనది. గడ్డ విడిచినట్టు మంచు గవా సాక్ష్యం ఇచ్చు వరకు ఒకటింబావు లోడు అనుమతించడమైనది.' కింద వజీరు గారి సంతకం పడింది.

యాభై గంపలెక్కాయి. లచ్చమ్మ అన్నిటికన్నా పైన కూర్చుంది. లారీ ఐసు మీద కరకరలాడుతూ కదిలితే జనం ఈలలు వేశారు. కుర్మయ్య యాభై దాకా లెక్కపెట్టి సలాం చేశాడు. లారీ పట్నం దారిలో ఆరాంఘర్ దాటేసరికి వెనక శంషాబాద్‌లో ఎండ ముదిరింది. మంచు నీళ్లై, నీళ్లు బురదై, వజీరు గారి కారు అందులో దిగబడిందని తర్వాత తెలిసింది. మంచు కరిగితే రోడ్డు ఏమవుతుందో ఆయనకు అనుభవంలోకి వచ్చింది. నాజిం సాహెబ్‌కు మెప్పు దక్కింది.

*

మర్నాడు పొద్దున కుర్మయ్య గొలుసు దగ్గర అడిగాడు. "దాసన్నా, రోడ్డు గడ్డ విడిచిందా?"

"నేను చూడలే అన్నా. నిన్న నేను మండీల ఉంటి."

అది నిజమే. కరగడం అతను చూడలేదు. చూడనిదానికి సాక్ష్యం ఎలా ఇస్తాడు? కుర్మయ్య గొలుసు తీశాడు. శివరాత్రి వచ్చింది, పోయింది. హోళీ వచ్చింది. కుర్మయ్య నెత్తిన తడిగుడ్డ వేసుకుని రోజూ అదే అడిగేవాడు, అదే జవాబు వినేవాడు. లచ్చమ్మ తోట ఆఖరి చిక్కుడుకాయ దాకా పట్నం చేరింది. ఆ ఏడు ఆమె ఇంట్లో పొయ్యి ఆరలేదు. మొగుడికి ఊతకర్ర బదులు మంచి చంకకర్రలు కూడా వచ్చాయి.

కాకపోతే శంషాబాద్ రోడ్డు కాగితం మీద గడ్డ కట్టే ఉంది. మార్చిలో ఉంది, ఏప్రిల్‌లో ఉంది. కచేరీలో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయిన కొద్దీ ఆ గడ్డ పెరిగింది. 'నాలుగు నెలలుగా మంచులో చిక్కుకున్న గ్రామస్తులు' అని ఎవరో రాశారు. పైవాళ్ల గుండె కరిగింది.

మే నెల నడుమ, మిట్టమధ్యాహ్నం, మూడు లారీల నిండా కంబళ్లు శంషాబాద్ చేరాయి. అవి మంచు బాధితులకట.

నాకా ముందు పందిరి వేశారు. నాజిం సాహెబ్ ఓవర్‌కోటు తొడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నారు. కోటు చెమటకు తడిసి నల్లబడింది. పక్కన ప్రేమదాసును నిలబెట్టారు. ఊరు ఊరంతా వరసలో ఉంది. దుమ్ము కాలుతోంది. వాకిట్లో పోసిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోతున్నాయి.

"నిబంధన ఒక్కటే," అని పేష్కారు అరిచాడు. "చలి పెడుతున్నవాళ్లకే కంబళి. చలి పెట్టనివాళ్లు వెళ్లిపోవచ్చు."

వరసలోంచి ఒక్కరూ వెళ్లిపోలేదు. తర్వాత వరస ముందున్న ముసలాయన మెల్లగా వణకడం మొదలుపెట్టాడు. ఆయన్ను చూసి వెనకాయన వణికాడు. వణుకు అలా వరస పొడుగునా పాకింది. కంబళి ఊరికే వస్తుందంటే వద్దనేదెవరు? లచ్చమ్మ వంతు వచ్చింది. ఆమె పళ్లు కూడా టకటకలాడించింది.

"అబ్బ! పాపం, ఈమెకు రెండు రాయండి," అన్నారు నాజిం.

"గవా, వీళ్లు వణుకుతున్నారా?" అని పేష్కారు అడిగినప్పుడల్లా ప్రేమదాసు, "వణుకుతున్నరు," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

వరస చివర కుర్మయ్య వచ్చాడు. అతను బల్ల పట్టుకుని నిలబడితే బల్ల మీది సిరాబుడ్డి ఊగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెదాలు నల్లబడ్డాయి. ఎండలో నిలబడి రెండు చేతులతో తన భుజాలు తానే పట్టుకున్నాడు.

నాజిం సాహెబ్ అతన్ని కిందినుంచి పైదాకా చూశారు. "ఈ వణుకు వేరేగా ఉంది. గవా, ఇది మంచుదేనా?"

ప్రేమదాసు కుర్మయ్య మొహం చూశాడు. 'మంచుదే సాబ్' అనడానికి నోరు తెరిచాడు. సర్కారుకు అతను చెప్పబోయిన మొదటి అబద్ధం అదే. ఈసారి మిషన్ బడి గుర్తుకు రాలేదు.

కుర్మయ్య అతనికంటే ముందే చేతులు జోడించాడు. "కాద్సాబ్. చలిజరం. మూడొద్దులాయె. ఒక్క కంబలిప్పియ్యుండ్రి, సచ్చి మీ కడుపున పుడ్త."

"చలిజ్వరమా? అది దవాఖానా మహకమా," అన్నారు నాజిం, కొంచెం నొచ్చుకుని. "తర్వాత!"

తర్వాత ఎవరూ లేరు. కుర్మయ్య పందిరి గుంజకు ఆనుకుని కిందికి జారాడు. లచ్చమ్మ వణకడం ఆపి, వచ్చి తన రెండు కంబళ్లూ అతనికి కప్పింది. ప్రేమదాసు అతన్ని ఎత్తి లారీలో పడుకోబెట్టి, దవాఖానా వైపు బండి తిప్పాడు. లారీ దుమ్ము అణగేదాకా నాజిం సాహెబ్ ఆగి, పేష్కారుకు ఆ రోజు నివేదిక చెప్పి రాయించారు.

'శంషాబాద్ మంచు బాధితులు మూడు వందల పన్నెండు మందికి కంబళ్లు అందినవి. దొంగ వణుకు ఒక్కటి మాత్రమే వచ్చినది. పట్టుకొనబడినది.'